అమ్మ నేసిన తెరచాప

గుడివాడ ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా పనిచేసే సువర్ణకి కోపం ఎక్కువని ఊళ్ళో అందరూ అంటారు. అందులో అబద్ధం లేదు, అన్యాయం మాత్రం ఉంది. అదే స్కూల్లో లెక్కల మాస్టారు పిల్లల మీదికి డస్టరు విసిరితే ఆయనకి క్రమశిక్షణ ముఖ్యం అన్నారు. ఈవిడ విజిల్ కాస్త గట్టిగా ఊదితే కోపిష్ఠి మనిషి అన్నారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా సువర్ణకి ఒళ్ళు మండేది. ఒళ్ళు మండిందని తెలిసి ఇంకో నలుగురు ఆ మాటే అనేవారు.

ఏడాదిలో రెండే రెండు రోజులు ఆ కోపం ఆవిడ జోలికి వచ్చేది కాదు. డిసెంబరులో రెండో శనివారం, దాని వెనకాల ఆదివారం. ఆ రెండు రోజులూ ఆవిడ కొల్లేట్లో ఉండేది. వాళ్ళ నాన్న చేసిన చిన్న తెరచాప పడవలో, ఒక్కతే.

పడవంటే గొప్పదేమీ కాదు. ఒక మనిషి కాళ్ళు చాపుకుని పడుకునేటంత తాటాకు గూడు, దాని ముందు తెరకొయ్య, వెనక చుక్కాని. గూట్లో కిరసనాయిలు స్టవ్వు, అటుకుల డబ్బా, ఆవకాయ సీసా, రెండు దుప్పట్లు. పగలంతా గాలి ఎటు తోస్తే అటు తిరగడం, పొద్దు వాలాక కిక్కిస పొదల పక్కన గెడ దిగ్గొట్టి పడవ కట్టేసుకోవడం, వలస వచ్చిన పక్షుల గోల వింటూ పడుకోవడం. అంత చలిలో ఒక్కదానివీ అక్కడ ఏం చేస్తావమ్మా అని స్టాఫ్ రూములో ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడిగేవారు. ఏమీ చెయ్యను, అందుకే వెళ్తాను అనేది సువర్ణ. ఆ జవాబు ఎవరికీ నచ్చేది కాదు. ఆడది ఒక్కతే రెండు రోజులు ఏమీ చెయ్యకుండా ఉండటమేమిటన్నది వాళ్ళ బాధ.

మొగుడు లక్ష్మీకాంతం ఆర్టీసీ కండక్టరు. కదిలే నీళ్ళు చూస్తే ఆయనకి కళ్ళు తిరుగుతాయి. బస్సు వంతెన ఎక్కితే టికెట్లు కొట్టడం ఆపి కళ్ళు మూసుకునే మనిషి. పెళ్ళైన కొత్తలో ఒకసారి వస్తానని బయల్దేరి, ఒడ్డునే కూలబడిపోయాడు. ఆ తర్వాత నుంచి బస్టాండు దాకా వచ్చి, మంకీ క్యాప్ మర్చిపోలేదు కదా అని అడిగి వెనక్కి వెళ్ళేవాడు. అంతకంటే మంచి మొగుడు సువర్ణకి అక్కర్లేదు.

వాళ్ళ నాన్న వెంకటస్వామి పెడనలో నేతపని ఇంట పుట్టాడు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని రోజంతా కూర్చోవడం ఆయన ఒంటికి పడలేదు. మీసాలు రాకముందే ఇల్లు వదిలి బందరు కాలువ మీద తిరిగే సరుకు పడవల్లో చేరాడు. ధాన్యం, సున్నం, కలప, ఏదైనా సరే మోశాడు. తర్వాత లారీలు వచ్చాయి. కాలువ పడవలు ఒక్కొక్కటే గట్టెక్కి, చీలికలై, పొయ్యిల్లోకి పోయాయి. తను నడిపిన పడవను విప్పేస్తున్నప్పుడు వెంకటస్వామి పనికొచ్చే చెక్కలు ఏరుకుని, మండవల్లి అవతల కొల్లేటి ఒడ్డున తెలిసినవాళ్ళ దొడ్లో కూర్చుని, ఈ చిన్న పడవ చేసుకున్నాడు. పొట్టకూటికి కాదు. నీళ్ళ మీద తిరగకపోతే ఆయనకి అన్నం సహించేది కాదు.

ఆయన భార్య వెంకటరత్నమ్మ, ఈ మనిషికి పిచ్చి ముదిరిందని తిట్టుకుంటూనే, తన మగ్గం మీద రెండు పేటల నూలుతో దట్టమైన గుడ్డ నేసింది. కరక్కాయ నీళ్ళలో నానబెట్టింది, తుమ్మబెరడు కషాయంలో ఉడికించింది, ముక్కలు కలిపి కుట్టి తెరచాప చేసింది. తేనె రంగులో ఉండేది ఆ చాప. ఏడాదికోసారి మళ్ళీ కషాయం పట్టకపోతే గుడ్డ చివికిపోతుంది. ఆ పని ఆవిడ ఉన్నన్నాళ్ళు ఆవిడ చేసింది, ఆవిడ పోయాక కూతురు చేసింది.

పడవవాళ్ళకి ఇంకో పద్ధతి ఉంది. ఎండాకాలం పడవను ఒడ్డున వదిలెయ్యరు. వదిలేస్తే కొయ్య ఎండి కుంచించుకుపోతుంది, చెక్కకీ చెక్కకీ మధ్య సందులు పడతాయి. అందుకని రాళ్ళు నింపి నీళ్ళలో ముంచేస్తారు. వానలు పడ్డాక పైకి తీస్తే పడవ చెక్కుచెదరకుండా ఉంటుంది. వెంకటస్వామి కూడా ప్రతి ఎండాకాలం కొల్లేటి మధ్యలో ఎంత ఎండకీ ఇంకిపోని ఒక మడుగు చూసుకుని, అక్కడ ముంచేవాడు. కొడుకు శోభనాద్రిని సాయం రమ్మని పిలిచేవాడు. శోభనాద్రికి ఆ రోజే పరీక్ష ఉండేది, లేకపోతే జ్వరం వచ్చేది, పెద్దయ్యాక దుకాణంలో సరుకు దిగేది. రాళ్ళు అందించింది సువర్ణ, ఆయన పోయాక ఒక్కతే ముంచిందీ సువర్ణే. ఆవిడకి ఆ మడుగు కళ్ళకి గంతలు కట్టినా తెలుసు.

పోయే ముందు వెంకటస్వామి ఇద్దరినీ పిలిచి, నలుగురు చుట్టాల ముందు పంపకం చెప్పాడు. పడవ కొడుక్కి, చాప కూతురికి. రెండూ ఒకచోట ఉంటేనే కదులుతాయి, గుర్తుంచుకోండి అన్నాడు. పాపం, అలా చెబితే అన్నాచెల్లెళ్ళు కలిసి ఉంటారనుకున్నాడు. నీళ్ళ సంగతి తెలిసినంతగా ఆయనకి మనుషుల సంగతి తెలియదు.

2003 డిసెంబరు మొదట్లో శోభనాద్రి చెల్లెలి ఇంటికి బందరు లడ్డూలు పట్టుకుని వచ్చాడు. గుడివాడలో అతనికి సిమెంటు, రంగుల దుకాణం ఉంది. లడ్డూలు పట్టుకొచ్చాడంటేనే ఏదో చేసేసి వచ్చాడని సువర్ణకి అర్థమైపోయింది. పెట్టె మూత కూడా తియ్యలేదు, సంగతేమిటి అని అడిగింది.

సంగతేమిటంటే, పామర్రు దగ్గర బందరు రోడ్డు మీద పూర్ణచంద్రరావు గారని ఒకాయన పెద్ద హోటల్ కడుతున్నారు. వాకిట్లో పచ్చగడ్డి, ఫౌంటెను, మధ్యలో పాతకాలపు పడవ ఒకటి పెట్టాలని ఆయన ముచ్చట. పడవ నిండా మట్టి పోసి బంతి మొక్కలు వేస్తారట. వచ్చినవాళ్ళు పడవ పక్కన నిలబడి ఫొటోలు దిగుతారట. నాన్న పడవ ఇస్తానని శోభనాద్రి మాట ఇచ్చేశాడు. నేనేం అమ్ముకోవడం లేదు, ఊరికే ఇస్తున్నాను, నాన్న పేరు ఇత్తడి రేకు మీద చెక్కిస్తారట, పదిమందీ చదువుతారు అన్నాడు. ఆ హోటలుకి సిమెంటూ రంగులూ ఎవరి కొట్లోంచి వెళ్తున్నాయో మాత్రం అతను చెప్పలేదు. అది లక్ష్మీకాంతం బస్సులో విని వచ్చి చెప్పాడు.

సువర్ణకి అరికాలి మంట నెత్తికెక్కింది. నీళ్ళ మీద తిరిగిన పడవలో మట్టి పోస్తారా అని లేచింది. అన్న తొణకలేదు. పడవ నాది కదా సువర్ణా అన్నాడు. నిజమే, పడవ అతనిదే. నలుగురి ముందు నాన్న ఇచ్చిన మాట అది. ఆ మాటను కాదంటే చాప కూడా తనది కాకుండా పోతుంది. చాప ఇవ్వను అంది. నీ చాప ఎవరడిగారు, నువ్వు దాచమన్నట్టే నా గోడౌన్లో దూలానికి వేలాడుతోంది, శనివారం పొద్దున్నకి పడవ దగ్గరికి పంపిస్తాను, నీ రెండు రోజులూ నువ్వు తిరుగు, ఆదివారం సాయంత్రానికి పడవని రేవుకి తెచ్చెయ్యి, లారీ వస్తుంది అని చెప్పి, లడ్డూల పెట్టె బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయాడు. ఆ లడ్డూలు పాచిపోయేదాకా ఆ ఇంట్లో ఎవరూ ముట్టుకోలేదు.

శనివారం మొదటి బస్సుకి బయల్దేరింది సువర్ణ. ఇది ఆఖరుసారి అని బస్సు కుదుపు కుదుపుకీ గుర్తొస్తోంది. మండవల్లి దాటి, ఆటోలో రేవు దాకా వెళ్ళేసరికి మంచు ఇంకా విడలేదు. పడవ నీళ్ళలో లేదు. ఒడ్డున ఇటుకల మీద, టార్పాలిన్ కింద ఉంది.

ఆవిడ టార్పాలిన్ లాగి చూసింది. చెక్కల మధ్య సందుల్లోంచి అవతలి గడ్డి కనిపిస్తోంది. పోయిన ఎండాకాలం, నీకు ట్రైనింగు ఉంది కదా, ఈ ఒక్క ఏడాది రేవు పక్కనే నేను ముంచుతాలే అని శోభనాద్రి అన్నప్పుడు ఆవిడ ఎంత సంబరపడిందో! అన్నయ్యకి ఇన్నాళ్ళకి బుద్ధి వచ్చిందనుకుంది. అప్పటి నుంచీ పడవ ఇలా ఎండుతూనే ఉంది. పొడిగా ఉంటే రంగు బాగా పడుతుందని శోభనాద్రి గారే చెప్పారండీ అన్నారు రేవు దగ్గరి వాళ్ళు. ఎండాకాలం నుంచే ఈ ఆలోచన ఉందన్నమాట. లడ్డూలు మాత్రం మొన్న తెచ్చాడు.

అక్కడున్నవాళ్ళు తలా ఒక చెయ్యి వేసి పడవను నీళ్ళలోకి తోశారు. తోసిన వెంటనే అన్ని సందుల్లోంచీ నీళ్ళు పైకి వచ్చాయి. సువర్ణ చీర కుచ్చెళ్ళు బిగించి, సందుల్లో నార కూరింది, గుగ్గిలం పూసింది, డబ్బాతో నీళ్ళు తోడింది. కొయ్య నీళ్ళు తాగి ఉబ్బి కొంచెం కొంచెంగా సందులు మూసుకునేసరికి మధ్యాహ్నమైంది. ఉన్న రెండు రోజుల్లో సగం రోజు పడవకి నీళ్ళు పట్టించడానికే పోయింది. కూరిన ప్రతి నార ముక్కకీ అన్నయ్యని ఒక్కో తిట్టు తిట్టింది. నార అయిపోయింది గానీ తిట్లు అయిపోలేదు.

చాప గూట్లో ఉంది, తాడుతో గట్టిగా చుట్టి కట్టి ఉంది. గెడ వేసుకుంటూ లోతుకి వెళ్ళాక, ఉత్తరపు గాలి మొహానికి తగిలాక, ఆవిడ చాప కట్టు విప్పి, కొనకి కొంచెం నీళ్ళు చల్లింది. అమ్మ అలాగే చేసేది. తాడు లాగింది. చాప సగం దాకా తేలిగ్గా లేచి, ఆ తర్వాత రేకులా గరగరలాడుతూ లేచింది. ఇదేమిటని తలెత్తి చూసింది.

హోటల్ శ్రావ్యవర్షిణి. ఏసీ ఫ్యామిలీ హాలు. బిర్యానీ, టిఫిన్స్. పామర్రు.

మూరెడేసి ఎర్ర అక్షరాలు. దుకాణంలో తలుపులకి వేసే ఎనామిల్ రంగు. తేనెరంగు గుడ్డ కనబడనంత దట్టంగా, ఒకటికి రెండు పూతలు వేశారు. శ్రావ్య, వర్షిణి అన్నవి పూర్ణచంద్రరావు గారి మనవరాళ్ళ పేర్లని తర్వాత తెలిసింది. నీ చాప ఎవరడిగారు అన్న మనిషే గోడౌన్లో దాన్ని నేల మీద పరిపించి, పెయింటర్ని పెట్టి రాయించాడు. చాప లేని పడవను ఫౌంటెన్ పక్కన పెడితే అందమేముంటుంది! రెండు రోజులు కొల్లేట్లో తిరిగొస్తే తడారి రంగు గట్టిపడుతుందని కూడా అనుకుని ఉంటాడు.

  చుట్టూ మనుషులెవరూ లేరు కాబట్టి సువర్ణ గొంతెత్తి అరిచింది. అన్నయ్యని తిట్టింది, వదినని తిట్టింది, ఆ పెయింటర్ని తిట్టింది, ఎవరికీ అక్కర్లేని ఏసీ హాలుని తిట్టింది, పిల్లల్ని కలిపి ఉంచుదామని పంపకం చేసిన నాన్నని తిట్టింది. నీటికోళ్ళు గుంపుగా లేచిపోయాయి. తిట్టి తిట్టి గొంతు పోయాక, చాప దించేద్దామా అని ఆలోచించింది. దించితే గెడ వేసుకుంటూ వెనక్కి పోవడమే. ఆఖరి రెండు రోజులు కూడా అతనికి ఇచ్చేసినట్టే. ఇవ్వను అనుకుని, చుక్కాని పట్టుకుంది.

ఇప్పుడు కొల్లేట్లో ఎక్కడికి వెళ్ళినా ఏదో ఒక చేపల చెరువు గట్టు అడ్డం వస్తుంది. వెంకటస్వామి రోజుల్లో కంటిచూపు ఆనినంత దూరం నీళ్ళే. ఇప్పుడు గట్టు, గట్టు మీద కాపలా గుడిసె, గుడిసె ముందు మేత బస్తాల మీద కూర్చుని నెలల తరబడి నీళ్ళు తప్ప ఇంకేమీ చూడని మనుషులు. చదవడానికి అంత పెద్ద అక్షరాలు వాళ్ళ కళ్ళ ముందుకి కదిలి వస్తే ఊరుకుంటారా! మొదటి గట్టు దగ్గర ఒకడు కూడబలుక్కుని గట్టిగా చదివాడు. రెండో గట్టు మీదివాళ్ళు బిర్యానీ ఎంత అని అడిగారు. రిక్షాలో మైకు పెట్టుకుని పబ్లిసిటీ చేసేవాళ్ళని ఆ ప్రాంతం వాళ్ళు చూశారు, జీపుల్లోంచి కరపత్రాలు విసిరేవాళ్ళని చూశారు. పడవ మీద పబ్లిసిటీకి వచ్చిన హోటలు ఇదే మొదటిదని వాళ్ళకి మహా గౌరవం కలిగింది. కరపత్రాలు ఇమ్మని చేతులు చాపారు. మేత చల్లుతున్న ఆడవాళ్ళు, మా అబ్బాయికి వంటలో పని ఇప్పించమ్మా అని గట్టెమ్మట నడుస్తూ వచ్చారు. సువర్ణ స్కూలు విజిల్ తీసి ఊదింది. పబ్లిసిటీలో అది కూడా ఒక భాగమనుకుని అటూ ఇటూ గట్ల మీద నుంచి ఇంకో పదిమంది వచ్చారు.

అందరిలోకీ పోతయ్య గొంతు పెద్దది. ఆరు చెరువులకి కాపలా ఉంటాడు. మోకాళ్ళ దాకా మడిచిన లుంగీ, తలకి తువ్వాలు. సాయంత్రం సువర్ణ పడవ కట్టేసుకుందామని ఏ కిక్కిస పొద వైపు తిప్పిందో, దాని ఎదురుగా ఉన్న గట్టు అతనిది.

"ఏవండోయ్ హోటలమ్మగారూ, ఫ్యామిలీ హాల్లో ఫ్యాను తిరక్కపోయినా పర్లేదు, రెండు బిర్యానీ కట్టించండి!"

సువర్ణ పడవలో లేచి నిలబడింది. పొద్దుటి నుంచీ పోగుపడిందంతా పోతయ్య మీద కుమ్మరించింది. ఈ చాప మా అమ్మ నేసింది, ఈ పడవ మా నాన్న వెంకటస్వామి చేశాడు, ఈ రాతలు మా అన్న రాయించాడు, బిర్యానీ కావాలంటే పామర్రు వెళ్ళి వాడి బుర్ర వండించుకుని తిను అంది. పోతయ్య తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. వెంకటస్వామి గారి అమ్మాయివా అని అడిగాడు. ఆ తేనెరంగు చాప తన చిన్నప్పుడు చూశానని, ఈ రంగు వల్ల పోల్చుకోలేకపోయానని చెప్పాడు. తర్వాత ఆ గట్టు మీద నుంచి ఇంకెవరూ ఏమీ చదవలేదు. కాసేపటికి పోతయ్య గిన్నెలో కొరమేను పులుసు తెచ్చి, గట్టు అంచున పెట్టి వెళ్ళిపోయాడు. సువర్ణకి ఆకలి కూడా కోపంలాగే గట్టిది. గిన్నె ఖాళీ చేసి, కడిగి, అక్కడే బోర్లించింది.

ఆ రాత్రి పడవ కింద నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. డబ్బాతో తోడుతూ, మధ్యమధ్య కునుకు తీస్తూ గడిపింది.

ఆదివారం పొద్దున్న మంచు విడేసరికి మంచి గాలి లేచింది. ఏడాది పొడుగునా ఆవిడ ఎదురుచూసే గాలి అదే. చాప ఎత్తింది. అమ్మ నేసిన గుడ్డయితే అంత గాలికి పొట్ట ఉబ్బి పడవని పట్టుకు లాగేది. ఇప్పుడు రంగు ఉన్నచోట ఉబ్బడం లేదు, చుట్టూ ఉన్న ఖాళీ గుడ్డ మాత్రం ఉబ్బుతోంది. గాలి బలం ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా తగులుతోంది. ఆ సంగతి చూసి, తాడు కొంచెం వదులు చేద్దామని చెయ్యి వెయ్యబోయింది. ఈలోగా ఒక విసురు వచ్చింది. 'బిర్యానీ' పక్కన, అక్షరం అంచు వెంబడే, టపటపమని గుడ్డ చిరిగింది. పై నుంచి కింద కుట్టు దాకా ఒక్కటే చీలిక.

సువర్ణ ఏడ్చింది. అది దుఃఖం కాదు. చెయ్యడానికి ఏమీ దొరకని కోపం. చాప దించి ఒళ్ళో వేసుకుని చిరిగిన అంచులు చూసింది. నూలు పాతదైంది గానీ చివకలేదు, పోయిన ఏడాది పట్టిన కషాయం ఇంకా వాసన వస్తోంది. రంగు ఎండి పెళుసైనచోటే పోగులు తెగాయి. తను నేసిన గుడ్డ ఇరవయ్యేళ్ళు గాలికి ఆగుతుందని అమ్మ అనేది. అంతకంటే ఎక్కువే ఆగింది. కొడుకు దుకాణంలో రంగుకి ఆగలేదు.

గెడ తీసుకుని రేవు వైపు నడపడం మొదలుపెట్టింది. ఎండ నెత్తికెక్కింది. రేవులో లారీ నిలబడి ఉంటుంది. నలుగురు మనుషులు పడవని ఎత్తి లారీలో పెడతారు. రేపీపాటికి గూడు పీకేసి మట్టి పోస్తారు. చెప్పులు వేసుకున్న పిల్లలు ఎక్కుతారు. పడవలోకి చెప్పులతో ఎక్కినవాణ్ణి నాన్న ఎలా కసిరేవాడో గుర్తొచ్చింది. మాట మాటే, పడవ అన్నయ్యదే, వెనక్కి ఇవ్వాల్సిందే. కానీ పడవను ఎండబెట్టకూడదన్నది కూడా నాన్న మాటే. ఆ రెండో మాటకి ఎవరు జవాబుదారు? ఆవిడ గెడ వెయ్యడం ఆపింది. చుట్టూ ఒకసారి చూసింది. తర్వాత పడవని రేవు వైపు నుంచి పక్కకి తిప్పి, రెండు కిక్కిస పొదల మధ్య సన్నటి దారిలోకి పోనిచ్చింది.

మడుగు అలాగే ఉంది. నాన్న వాడిన రాళ్ళు, తాళ్ళతో కట్టినవి, గట్టు వారన పొదల్లో అలాగే ఉన్నాయి. ఆవిడ మొదట గూడు విప్పి పొదల్లోకి నెట్టింది. తెరకొయ్య దించి పడవలో పొడుగ్గా పడుకోబెట్టి కట్టింది. స్టవ్వూ దుప్పట్లూ చాపా గట్టు మీదికి చేర్చింది. అప్పుడు రాళ్ళు ఒక్కొక్కటే పడవలోకి దించింది. ఆఖరున నిన్న తను కూరిన నారను తనే పీకేసింది. పడవ చప్పుడు చెయ్యకుండా నీళ్ళు తాగింది. అంచు మునిగింది, ముక్కు మునిగింది, కాసేపు బుడగలు వచ్చాయి. బుడగలు ఆగేదాకా ఆవిడ నడుం లోతు నీళ్ళలో నిలబడింది.

తడి చీరతో, భుజాన చాప మూటతో గట్టెమ్మట నడుస్తుంటే పోతయ్య ఎదురయ్యాడు. పడవ ఏదమ్మా అని అడగబోయి, ఆవిడ చీరకి ఎంతవరకు బురద ఉందో చూసి, ఆగిపోయాడు. అతనూ నీళ్ళ మీద పుట్టినవాడే. టీవీఎస్ బండి తీసుకొచ్చి, ఎక్కమ్మా, రేవు దాకా దింపుతాను అన్నాడు. 

రేవులో లారీ ఉంది. శోభనాద్రి ఉన్నాడు. పూర్ణచంద్రరావు గారు కూడా స్వయంగా వచ్చారు. చేతిలో కొబ్బరికాయ, పక్కన బంతిపూల దండ. ఆయన మంచి మనిషిలాగే ఉన్నారు. తడిసి వచ్చిన ఆడమనిషిని చూసి కంగారుపడి, ఏదైనా ప్రమాదం జరిగిందా అమ్మా, మీకేం కాలేదు కదా అని అడిగారు.

"ప్రమాదం కాదండీ," అంది సువర్ణ. "పడవ బాగా ఎండిపోయింది. ఎండితే మేము ముంచుతాం. మా అన్నయ్యకి తెలుసు."

పూర్ణచంద్రరావు గారు శోభనాద్రి వైపు చూశారు. శోభనాద్రి మొహంలో రంగు లేదు.

"ముంచావా? ఎక్కడ?"

"నాన్న ముంచే చోటే."

 లారీ డ్రైవరు, కూలీలు, పోతయ్య అందరూ శోభనాద్రి వైపే చూస్తున్నారు. కొడుకు కదా, ఇప్పుడు చెబుతాడు ఎక్కడో అని చూస్తున్నారు. పూర్ణచంద్రరావు గారు కూడా, అయితే తీయిద్దాం లెండి, ఎంత దూరం అని అతన్నే అడిగారు. శోభనాద్రి చెల్లెలి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"ఎక్కడో చెప్పు సువర్ణా. నలుగురిలో పరువు పోతుంది."

"పడవ నీదే అన్నయ్యా, నేను కాదనడం లేదు," అంది సువర్ణ అందరికీ వినబడేటట్టు. "వెళ్ళి తెచ్చుకో."

చాప మూట ఇంకో భుజానికి మార్చుకుంది. ఆ రంగు ఎలా గోకాలో, ఎంత గుడ్డ కత్తిరించాలో, పెడనలో ఎవరి చేత అతుకు నేయించాలో ఆలోచించుకుంటూ ఆటో వైపు నడిచింది. కోపం ఇంకా అలాగే ఉంది. వానలు పడేదాకా ఉంటుంది.

శోభనాద్రి నీళ్ళ వైపు తిరిగి నిలబడ్డాడు. కొల్లేరు చాలా పెద్దది. ఎటు చూడాలో అతనికి తెలియలేదు.